తొమ్మిదో తలుపు కాపలావాడు

సరిగ్గా నాలుగుంబావు. మా బావ జిగురు గిన్నె పొయ్యి మీంచి దించి, భుజం మీద గుడ్డకి చేతులు తుడుచుకుంటున్నాడు. నువ్వడిగినదానికి జవాబు అక్కడ మొదలవుతుంది అమ్మలూ, మధ్యలో అడ్డం రాకు. పుస్తకాల్లో నీకు ఏ పాత్ర ఇష్టం తాతయ్యా అన్నావు కదా, దిండంత పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని. ఏదీ, ఓసారి ఇటియ్యి. అట్ట మీద ఇదేంటి, రెక్కలొచ్చిన తొండా? సరే, డ్రాగనే అనుకో. నీకేమో ఆ కత్తి పట్టుకున్న కుర్రాడు నచ్చి ఉంటాడు. కాదా? డ్రాగనే నచ్చిందా? ఊఁ, మా వంశం పోలికే. అయితే విను. నాకిష్టమైన పాత్ర ఒక రాక్షసుడు. ఆ రాక్షసుడి సంగతి చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి. మా బావంటే మా అక్క మొగుడు, నువ్వు చూడలేదు, మీ నాన్న కూడా సరిగ్గా చూడలేదు. బైండింగు పని. ఊళ్ళో అందరూ ఆయన్ని జిగురు అనేవాళ్ళు. పిలిచినా పలికేవాడు, పాపం, అసలు పేరేదో ఆయనకే ఓ క్షణం ఆలోచిస్తేగానీ గుర్తొచ్చేది కాదనుకుంటా.

రెండు గదులు. వీధివైపు గదిలో మా అక్క అద్దె పుస్తకాల షాపు, వెనక గదిలో బావ బైండింగు. వెనక గదికి కిటికీ లేదు. అందుకని ఆయన వెలుతురు కోసం రెండు గదుల మధ్య గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని కుట్టేవాడు. లోపలి అలమరల్లో పుస్తకం కావాలంటే ఎవరైనా ఆయన కాళ్ళు దాటుకుని వెళ్ళాల్సిందే. వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్ళరుగా, ఓ మాట వదిలేసి వెళ్తారు. అల్లుడు అలిగాడని, మోకాలు పట్టేసిందని, పక్కింటివాడు గోడ జరిపాడని. ఈయన సూది ఆపడు, తలెత్తడు, 'ఊఁ, ఆ తర్వాత?' అంటాడు. అంతే. ఆ రెండు మాటల కోసం జనం పుస్తకం తీసుకోకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళు. మా అక్క అంటుండేది, 'ఈయన నోరు తెరిచి మాట్లాడింది పెళ్ళిచూపుల్లో ఒక్కసారే. అదీ మంచినీళ్ళు కావాలని.' దానికి సరిపడా తను మాట్లాడేది అనుకో. నేను అప్పట్లో పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టేవాణ్ణి, డ్యూటీ దిగంగానే అక్కడికే చేరేవాణ్ణి. చెవులు రెండూ అక్కకిచ్చేసి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఈ మిషను పెట్టుకుంటే గానీ వినపడకపోవడానికి సగం కారణం అదే.

అక్కకో నియమం ఉంది. గోడమీద రేకు బోర్డు రాయించి పెట్టింది, 'ఈ షాపులో పేజీ తక్కువ పుస్తకం లేదు' అని. ఎవరైనా పుస్తకం తిరిగి తెస్తే వాళ్ళ ఎదురుగానే బొటనవేలితో బరబరా తిప్పేది, బ్యాంకులో నోట్లు చూసినట్టు. ఓ మూల మడతపడితే, 'ఏవండీ, మీ ఇంట్లో చొక్కాలు కూడా ఇలాగే మడతపెడతారా' అనేది. పేజీ చింపినవాడికి మళ్ళీ ఆ షాపులో పుస్తకం లేదు. ఓ లాయరు గారికే ఇవ్వలేదు. ఆయన కోర్టులో గెలుస్తాడేమోగానీ మా అక్క దగ్గర వాయిదా కూడా దొరకలేదు.

ఇక ఎదురుగా వీధికి అటుపక్క గడియారం ఉండేవాడు. గడియారం అంటే మనిషే, గడియారాలు బాగుచేసేవాడు. కంట్లో భూతద్దం పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. అది తీసినా ఆ కన్ను మూసుకునే ఉండేది, అలవాటుకొద్దీ. బావకి ఆయనొక్కడే స్నేహితుడు. మధ్యాహ్నం ఇద్దరూ చదరంగం ఆడేవాళ్ళు, ఒక్క మాట లేకుండా. ఓసారి ఆ గడియారం పక్క ఊళ్ళో గోపురం గడియారం బాగుచెయ్యడానికి వెళ్ళి, వస్తూ వస్తూ తువ్వాల్లో ఓ మూట కట్టుకొచ్చాడు. అక్కడ మూతపడ్డ లైబ్రరీలో దొరికిందట, కుట్లన్నీ ఊడిపోయిన లావు పుస్తకం. అట్టల్లేవు. ఫారాలు ఫారాలుగా ఉంది. ఫారమంటే పదహారు పేజీల మడత, అమ్మలూ, అలాంటి మడతలన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కుడితేనే పుస్తకం. తిన్నగా బావ ఒళ్ళో పెట్టి, 'లెక్కపెట్టే తెచ్చాను, నలభై నాలుగు. ఒక్కటీ పోలేదు' అన్నాడు. బావ 'ఊఁ' అన్నాడు.

అదే కోట పుస్తకం. తొమ్మిది తలుపుల కోట, లోపల రాజకుమారి, ఒక్కో తలుపుకీ ఒక్కో గండం. మాట్లాడే గుర్రం ఉంది, ఎగిరే మంచం ఉంది, సీసాల్లో తుఫాన్లు పోసి దాచుకునే ముసలి మంత్రగత్తె ఉంది. రాజకుమారుడు కూడా ఉన్నాడు, ఉండాలి కాబట్టి. బావ దాన్ని ఒక వారం కూర్చుని కుట్టాడు. మామూలుగా రెండు రోజుల పని. అక్క విసుక్కుంది, 'కడుతున్నారా, చదువుతున్నారా?' అని. పూర్తయ్యాక చూస్తే పుస్తకం పైన వేలెడు మేర కోసేసి ఉంది, పేజీ నంబర్లతో సహా. 'చెదలు పట్టిందే' అన్నాడు. ఇంకోటి, ముందట్ట లావు, వెనకట్ట సన్నం. 'ఇదేం కొలతండీ, ఒక కాలికి బూటూ ఒక కాలికి చెప్పూ వేసినట్టు' అంది అక్క. 'తెరిచే అట్టకి బలం కావాలి' అన్నాడాయన. బైండరు చెప్పాక ఇంక మనమేమంటాం.

ఆ పుస్తకం రెండేళ్ళు ఒక్కరోజు కూడా అలమరలో కూర్చోలేదమ్మలూ. సాయంత్రమయితే షాపులో దాని మీదే పంచాయితీ. ఎవరికెవరు ఇష్టమో చెప్తే వాళ్ళ గుట్టు తెలిసిపోయేది. అక్కకి మంత్రగత్తె. ఎందుకంటే ప్రతి సీసాకీ పేరు రాసి, తీసినది తీసినచోటే పెడుతుంది. రోజూ షాపుకొచ్చే ఆసుపత్రి కాంపౌండరుకి మొదట అందులో మందులిచ్చే మంత్రగాడు నచ్చాడు, కానీ ఒకే మందు చిన్నపిల్లకీ ఏనుగుకీ ఒకే మోతాదులో ఇచ్చాడని అలిగి పార్టీ మార్చాడు. గడియారానికి ఎగిరే మంచం. 'అదొక్కటే చెప్పిన టైముకి వచ్చింది' అనేవాడు. రాజకుమారుణ్ణి మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. పెళ్ళిలో వీడియోవాడి లైటు పట్టుకున్నవాడిలా ఎక్కడ చూసినా ఉంటాడు, ఒక్కడికీ గుర్తుండడు. ఎందుకంటావు? వాడికి ఏమీ పొయ్యేది లేదు కదా. గెలుస్తాడని వాడికీ తెలుసు, మనకీ తెలుసు.

కానీ అందరూ చివరికి వచ్చి ఆగేది తొమ్మిదో తలుపు దగ్గరే. అక్కడ కాపలా ఒక రాక్షసుడు. తాటిచెట్టంత మనిషి. వెయ్యేళ్ళుగా అదే డ్యూటీ, సెలవు లేదు. వచ్చినవాణ్ణి తినెయ్యాలి, అది ఉద్యోగం. కానీ మాట మధ్యలో ఉన్నవాణ్ణి తినకూడదని తనకు తనే నియమం పెట్టుకున్నాడు. అందుకని ఎవడొచ్చినా, 'కూర్చో, నీ కథ చెప్పు' అంటాడు. ఈటె గోడకి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటాడు. కథ అయిపోతే తింటాడు, బాధపడుతూనే. పాపం ఆయన ఖర్మ, మనుషుల్లో చాలామందికి పావుగంట కథ కూడా ఉండదట. మా పుస్తకంలో రాజకుమారుడు ఆ తలుపు ముందు నిలబడి నోరు తెరుస్తాడు. పేజీ తిప్పితే లోపల రాజకుమారి కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో లేదు. ఆ తర్వాత రాక్షసుడి ఊసే రాదు. మేమంతా ఏమనుకున్నాం? కథ నచ్చి తలుపు తీశాడనుకున్నాం. 'పెద్దమనిషి' అంది అక్క. 'రాసినాయన గడుసువాడు, చెప్పకుండా వదిలేశాడు' అన్నాడు కాంపౌండరు. ఆ మాటలు వచ్చినప్పుడు మాత్రం బావ కుట్టు కాస్త మెల్లగా పడేది.

ఇలా ఉండగా ఆసుపత్రికి బదిలీ మీద పెద్ద నర్సుగారొచ్చింది. ఆవిడ ఇంజక్షను చేస్తే చేసినట్టే తెలియదు, మాట అంటే మాత్రం మూడు రోజులు సలిపేది. కోట పుస్తకం తీసుకెళ్ళి తిరిగి తెచ్చింది. అక్క బరబరా తిప్పుతుంటే, 'కుట్టు బాగుంది. కానీ మీ పుస్తకంలో కాపలావాడు చచ్చిపోలేదేం?' అంది. అక్క చెయ్యి ఆగింది. 'ఎందుకు చస్తాడు? ఆయనకేం రోగం?' నర్సు అంది, 'రోగం కాదండీ, కత్తిపోటు. ట్రైనింగులో హాస్టల్లో చదివాను. ఆ ఘట్టం ఒక్కటే ఎనిమిది కాగితాలుంటుంది.'

అక్క రేకు బోర్డు కింద నిలబడి వింటోంది ఆ మాట. పేజీ నంబర్లు చూద్దామంటే కోతలో పోయాయి. కానీ ఆవిడ బైండరు పెళ్ళాం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అంకె ఉంటుంది, కుట్టేవాడు వరస తప్పకుండా. దాన్ని పట్టుకుని వెళ్ళింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై ఒకటి. నలభై లేదు. పైన నంబర్లన్నీ కోసేసినవాడు ఇదెందుకు వదిలాడంటావా? అది ఏ బైండరూ కొయ్యడు. కళ్ళు మూసుకున్నా ఆ అంకె దగ్గర వాళ్ళ కత్తి ఆగిపోతుంది. దొంగతనం చేసేవాడు కూడా తన చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి వెళ్ళినట్టు.

కానీ అక్కకి మొగుడి మీద అనుమానం రాలేదు. వస్తుందా? ఆయన చేత్తో కాగితం పోవడమంటే చేపకి నీళ్ళు గొంతులో అడ్డం పడ్డట్టు. మూట తెచ్చింది ఎవరు? గడియారం. తిన్నగా వీధి దాటి వెళ్ళి, 'అన్నయ్యగారూ, నలభై నాలుగు తెచ్చానన్నారు. నలభై మూడే ఉన్నాయి. తెలియక పోగొడితే పోగొట్టానని చెప్పాలి, లెక్కపెట్టానని చెప్పకూడదు' అంది. వెనకే నేనూ, బావా. గడియారం భూతద్దం తీశాడు. బావ వైపు చూశాడు. నిజం చెప్తున్నాను, ఓ రెండు గడియారాలు టిక్కుటిక్కుమన్నంత సేపు చూశాడు. నలభై నాలుగూ ఎవరి ఒళ్ళో పెట్టాడో ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. 'నేను లెక్కపెట్టే ఇచ్చానమ్మా' అన్నాడు, అంతే. మళ్ళీ అద్దం పెట్టుకున్నాడు. అక్క ఆ రోజే తీర్మానించేసింది, గడియారానికి పుస్తకం లేదు.

ఆయనకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. రాత్రికి పుస్తకం ఉంటే మనిషి, లేకపోతే గోడమీద గడియారం. నవ్వకు, నిజం. మధ్యాహ్నం చదరంగం ఆగిపోయింది. బావ గుమ్మంలో కూర్చుంటాడు, ఎదురుగా వీధి అవతల ఆయన కూర్చుంటాడు. ఇద్దరూ తలలు వంచుకునే. జనం వచ్చి కష్టాలు చెప్తారు, ఈయన 'ఊఁ' అంటాడుగానీ 'ఆ తర్వాత' అనడం మానేశాడు. జిగురు రెండుసార్లు మాడింది. మైదా, నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం, అంతేకదా, ముప్పై ఏళ్ళుగా ఒక్కసారి మాడలేదు. అక్క ముక్కు ఎగబీల్చి, 'ఇంట్లో దయ్యం దూరింది' అంది. నాతో బావ ఒకే ఒక్కసారి అన్నాడు, 'ఏమోయ్ బావమరిదీ, చెయ్యని తప్పుకి మాటపడ్డవాడు గొప్పవాడా, చూస్తూ ఊరుకున్నవాడు గొప్పవాడా?' నేను పోస్టాఫీసువాణ్ణి, నాకేం తెలుసు, 'కవరు చూస్తే తెలియదు బావా, విప్పాలి' అన్నాను. ఏదో జోకేశాననుకున్నాను. ఆయన నవ్వలేదు.

ఆ ఆదివారం అందరూ కలిసి నర్సుగారిని పట్టుకున్నారు, ఆ పోయిన ఘట్టం చెప్పమని. నాలుగుంబావు అన్నానే, అది ఆ రోజే. బావ గిన్నె దించి గుమ్మంలో కూర్చున్నాడు. షాపు నిండా జనం. నర్సు స్టూలు మీద కూర్చుని జ్వరం చార్టు చదివినట్టు చెప్పింది. రాజకుమారుడు తను పుట్టిన దగ్గర్నుంచి మొదలెట్టాడు. రాక్షసుడు ఈటె ఆనించి కూర్చున్నాడు, 'ఆ తర్వాత?' అన్నాడు. చీకటిపడింది, 'ఆ తర్వాత?' తెల్లారింది, 'ఆ తర్వాత?' వాడి దగ్గర కథ అయిపోయింది. అప్పుడు వాడు, 'మిగతాది రహస్యం, చెవిలో చెప్పాలి' అన్నాడు. ఆయన నమ్మి చెవి వంచాడు. వాడు పొడిచేశాడు. పడిపోతూ కూడా ఆ పిచ్చివాడు, 'ఆ తర్వాత?' అన్నాడట.

తలలన్నీ ఒక్కసారి గుమ్మం వైపు తిరిగాయమ్మలూ. ఎవరూ చూడమనలేదు. అక్కడ మా బావ, సూదిలో దారం ఎక్కిస్తూ, దారం బెజ్జంలోకి పోక. కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. మంత్రగాడి మీద అలిగిన మనిషి రాజకుమారుణ్ణి ఏమన్నాడో నీకు చెప్పకూడదు. అక్కే ముందు తేరుకుంది. 'సరే, కథ తెలిసింది. ఫారం మాత్రం ఆ గడియారం ఇంట్లోనే' అనబోయింది. బావ సూది కింద పెట్టాడు. 'గడియారం లెక్క సరైందే. నలభై నాలుగూ ఇచ్చాడు. ఒకటి నేను కుట్టలేదు' అన్నాడు.

'కుట్టలేదంటే?'

'కుట్టబుద్ధి కాలేదు. వింటున్నవాణ్ణి చంపాడే.'

'మరి కాగితాలేవి?'

'పొయ్యిలోకి పోయాయి.'

అక్క స్టూలు కోసం వెతుక్కుంది, నర్సు లేచి ఇచ్చింది. రేకు బోర్డు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. నోరు తెరిచింది, మాట రాలేదు. నేను పుట్టాక అక్కకి మాట రాకపోవడం చూడ్డం అదే మొదలు. షాపంతా ఎదురుచూస్తోంది. అప్పుడు మా బావ, ఆ వంచిన తల వంచినట్టే ఉంచి, మెల్లిగా, 'ఆ తర్వాత?' అన్నాడు. ముందు నర్సు నవ్వింది. తర్వాత ఇంక ఎవరూ ఆగలేదు. అక్క దుమ్ము దులిపే గుడ్డ తీసి ఆయన మీదకు విసిరింది. జిగురు గిన్నెలో పడింది.

నియమం నియమమే. మొగుడైనా పేజీ పోగొట్టినవాడికి షాపులో పుస్తకం లేదంది. ఆయన అంగీకరించాడు. కాకపోతే ఆ నియమంలో చేతికివ్వకూడదనే గానీ వినిపించకూడదని లేదుగా. మధ్యాహ్నం షాపు మూసినప్పుడల్లా అక్కే చదివేది, ఆయన కుడుతూ వినేవాడు. ఆవిడ నోటికి అంతకంటే మంచి పని దొరకలేదు. కోట పుస్తకంలో ఆ చోట ఓ చీటీ అతికించింది, 'ఇక్కడ పదహారు పేజీలు లేవు. కావలసినవారు నర్సుగారిని అడగవలెను' అని. ఎవరూ అడిగినట్టు లేదు. ఇక గడియారం దగ్గరికి ఎలా వెళ్ళిందో తెలుసా? షాపులో గోడగడియారం తీసి చంకన పెట్టుకుని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. 'చెల్లెమ్మా, ఇది బాగానే ఉంది. కీ ఇవ్వలేదు, అంతే.' 'తెలుసన్నయ్యా. ఇవ్వండి' అంది. ఆయన కీ ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు అక్క చంకలో గడియారం, వెనకే ఆయన, షాపులోంచి వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో రెండు పుస్తకాలు. మర్నాడు చదరంగం బల్ల ముందు బావ అడిగాడు, 'నీకు తెలుసుగా, ఎందుకు చెప్పలేదు?' అని. ఆయన బంటు సర్దుతూ, 'ఎత్తు నీదిగా' అన్నాడు.

అలా మరో పదేళ్ళు ఆడారు. ఓ రోజు బావ గుమ్మంలో గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు. ఎవరో ఆయనకేదో చెప్తూనే ఉన్నారు, కాసేపటిదాకా గమనించలేదు. సరే, అదలా ఉంచు. ఆ చెమ్మకి నీ పుస్తకం అట్ట వంకర తిరుగుతోంది, కిటికీ దగ్గర పెట్టకు. ఆయన పోయిన కొన్ని రోజులకి షాపు కప్పు కారింది. తడిసిన పుస్తకాలు బల్ల మీద పరిచాం, నేనూ, అక్కా, గడియారమూ. కోట పుస్తకం ముందట్ట, ఆ లావుపాటిది, ఉబ్బి అంచు దగ్గర విడింది. గడియారం తన సన్నపు చాకు పెట్టి మెల్లగా లేపాడు. అట్టలో అట్టముక్క బదులు మడతపెట్టిన కాగితాలున్నాయి. అడుగున చీమ తలకాయంత అంకె, నలభై. పుస్తకం తెరిచిన ప్రతివాడూ రెండు చేతులా పట్టుకున్నది దాన్నే అన్నమాట. గడియారం అద్దం పెట్టుకుని చూసి, 'చదవమంటావా చెల్లెమ్మా?' అన్నాడు. అక్క వద్దంది. పొయ్యి వెలిగించి జిగురుకి మైదా కలిపింది. అట్ట మూసేముందు గడియారం వేలు పెట్టి చూపించాడు. బావ జిగురు నాలుగంచులకే రాశాడు, సన్నగా. మధ్యలో కాగితానికి ఒక్క చుక్క కూడా అంటలేదు.